మట్టికోటలో బేతన పేరు

నల్లమడుగు నడిమధ్యకు వచ్చాక మొసలి ఈదడం ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు సింగన, దాని వీపు మీద రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని.

"రెండో తొడ కూడా ఇప్పుడే ఇచ్చేయండి," అంది మొసలి.

"ఒడ్డున ఏమనుకున్నాం? పోయేటప్పుడు ఒక మేక తొడ, తిరిగొచ్చేటప్పుడు ఒకటి."

"అనుకున్నమాట నిజమే. కానీ నేను ఆ కోట దగ్గర దింపినవాళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. నా తొడ సంగతి ఏం కాను?"

"చూశావా మాచా! శుభమా అని బయల్దేరితే దీని నోట ఎంత చల్లనిమాట వచ్చిందో!"

మాచన మూట విప్పి, పొగబెట్టిన తొడను మొసలి నోట్లోకి విసిరాడు. ఎముకతో సహా నమిలి మింగి, మొసలి మళ్ళీ కదిలింది.

"మర్యాద తెలిసినవాడివి," అంది కాసేపటికి. "సరేలే. ఎండ వాలేదాకా గుమ్మం దగ్గరే ఉంటాను. నాకు మాత్రం వేరే పనేముంది?"

మాచన సోమకూటం రాజ్యంలో గుర్రాలకు జీన్లు కుట్టుకునేవాడు. అంతకుముందు ఉప్పుకనుమ యుద్ధంలో, అన్న బేతనతో కలిసి బల్లెం పట్టినవాడు. సోమకూటం దండులో భటులు జంటలుగా నిలబడతారు. ఎడమపక్కవాడు ఇద్దరికీ సరిపోయే పెద్ద డాలు పడతాడు. కుడిపక్కవాడు బల్లెం పడతాడు. బేతనది డాలు, మాచనది బల్లెం. ఆ కనుమలో సగం దండు మట్టిలో కలిసినా, అన్నదమ్ములిద్దరూ ప్రాణాలతో ఇల్లు చేరారు. ఒకే అరుగు మీద కూర్చుని జీన్లు కుట్టారు. బేతన తొడలో విరిగిన బాణపు ములుకు ఉండిపోవడంతో కుంటేవాడు. ఈ వసంతంలో ఆ గాయం తిరగబెట్టి జ్వరం వచ్చింది. చివరిరోజున గంజి అడిగి తాగాడు. ఉప్పు సరిపోయిందన్నాడు. సాయంత్రానికి పోయాడు.

ఆ దండులో ఒక ఆచారం ఉంది. భటుడి ముంజేతికి పేరు చెక్కిన ఇనుప కడియం ఉంటుంది. అతడు పోయాక, దండులో పేర్లు పిలిచేవాడు వచ్చి చివరిసారిగా ఆ పేరు పిలవాలి. జంటగా నిలబడ్డవాడు, "సెలవు తీసుకున్నాడు" అని బదులు చెప్పి కడియాన్ని నీళ్ళలో వదలాలి. ఆ మాట చెప్పేదాకా పోయినవాడు ఇంకా కొలువులో ఉన్నట్టే. ఎవరు పిలిచినా లేచి రావలసినవాడే.

బేతన పేరు పిలవడానికి సింగన వచ్చాడు. మనిషి పొట్టి. గొంతు మాత్రం కొండకు కొట్టుకుని తిరిగొచ్చేంత. అతడు ఏటి ఒడ్డున నిలబడి గొంతు సవరించుకుంటూ ఉండగానే బూడిదరంగు రాబందు ఒకటి దూసుకువచ్చి మాచన చేతిలోని అన్న కడియాన్ని తన్నుకుపోయింది. దాన్ని వెంబడించి, ముళ్ళ అడవి దాటి, ఇద్దరూ ఇక్కడికి చేరారు. రాబందు మాంత్రికుడు కుంభకేతుదని, కడియాలతో అతడు మట్టి భటులను లేపుతున్నాడని దారిలో తెలిసింది. ఎలా లేపుతాడో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

మడుగు చివర పొగమంచు విడిపోయి కోట కనిపించింది.

అది ఆసాంతం మట్టితో కట్టిన కోట. కుండ మీద కుండ బోర్లించినట్టు లేచిన బురుజులు, కుమ్మరి ఆవంలో కాలినట్టు దానిమ్మపువ్వు రంగు తేలిన గోడలు, గోడల మీద మీసాల బదులు నెమలి ఈకలు గుచ్చిన సింహాలు, గవ్వలు పొదిగిన గవాక్షాలు. మట్టిలో కలిపిన అభ్రకం ఎండకు తళతళలాడి, కోటంతా చేప పొలుసులు కప్పుకున్నట్టు ఉంది. గోడ పైనుంచి తొంగిచూస్తున్న మామిడిచెట్లు మట్టివే. వాటి మీద చిలకలూ మట్టివే. ఆకు కదలదు, చిలక పలకదు. గాలి మాత్రం తొలకరి చినుకు పడ్డ నేల వాసన వేస్తోంది. ఇంత చెడ్డచోట ఇంత మంచి వాసన ఉంటుందని మాచన అనుకోలేదు.

ఒడ్డున దిగి ఇద్దరూ ఒంటినిండా, సింగన భుజాన ఉన్న గొంగడితో సహా, ఎర్రమట్టి పూసుకున్నారు. మట్టి భటులకు నీడ ఉండదు. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు బతికినవాళ్ళ నీడ కూడా కాళ్ళ కిందికి పోతుంది. ఆ కాసేపట్లోనే లోపలికి పోయి, కడియం చేజిక్కించుకుని బయటపడాలి.

గుమ్మంలో తాడిచెట్టంత రాక్షసి చతికిలబడి కూర్చుని, ఒళ్ళో చింతకాయలు పోసుకుని ఒలుస్తోంది. చేతులకు బండిచక్రాలు గాజులుగా వేసుకుంది. ఇద్దరూ బిగుసుకుపోయి, మట్టి బొమ్మల్లా అడుగులు వేస్తూ ఆమె ముందునుంచి నడిచారు.

"ఆగండి."

ఆగారు.

"చెవుల వెనక ఎవరు పూస్తారు, మీ అత్తా?" అంది రాక్షసి. "రండిలా."

బొటనవేలికి ఇంత మట్టి అద్దుకుని ఇద్దరి చెవుల వెనకా జాగ్రత్తగా పూసింది. ఆ వేలు మాచన తలంత ఉంది. కానీ నొప్పి పుట్టలేదు.

"పట్టుకుంటావనుకున్నాం, అవ్వా," అన్నాడు మాచన.

"పట్టుకోమని నాకు చెప్పలేదు నాయనా. వచ్చినవాళ్ళని రానివ్వమన్నాడు. లోపలి సంగతి ఎవరితోనైనా అంటే ఈ గోడలో ఇటుకనైపోతాను, ఒట్టు వేయించుకున్నాడు." ఆమె కొంగు ముడి విప్పి రెండు బెల్లం గడ్డలు తీసింది. "ఇవి బుగ్గన పెట్టుకోండి. నమలొద్దు, మింగొద్దు. నోరు నిండుగా ఉండనీయండి. అంతకంటే నేనేం చెప్పలేను."

"బెల్లానికి ఒట్టు అడ్డు రాదా?" అన్నాడు సింగన.

"బెల్లం సంగతి అతగాడికి తట్టలేదు," అంది రాక్షసి. మళ్ళీ చింతకాయలు ఒలుచుకోసాగింది.

కోట లోపలి ముంగిట్లో మట్టి భటులు వరసలు తీరి నిలబడి ఉన్నారు. ఎడమన డాలు, కుడిన బల్లెం. అందరూ ఉప్పుకనుమ దండువాళ్ళే. ముక్కు, గడ్డం, ముఖం మీది గాటు, ఏదీ తప్పిపోలేదు. మాచన, సింగన వెనక వరసలో ఖాళీ చూసుకుని దూరారు.

"మామా," అన్నాడు మాచన పెదవులు కదపకుండా. "ముందున్నది చాగివారి ఎర్రన కదూ?"

"ఎర్రనే. ఉప్పుకనుమలో నా కళ్ళముందే పోయాడు, కడియం మాత్రం దొరకలేదు."

"పక్కన వాడి బావమరిది సూరన. సూరన మొన్న కోతల దాకా బతికే ఉన్నాడు. నా దగ్గర జీను కుట్టించుకుపోయాడు. వాడెప్పుడు పోయాడు?"

సింగన బెల్లం బుగ్గనుంచి బుగ్గకు మార్చుకున్నాడు.

సూర్యుడు ఇంకా నడినెత్తినే ఉన్నాడు. మేడ మీదికి కుంభకేతు వచ్చి నిలబడ్డాడు. జడలు కుమ్మరిసారెలా తల చుట్టూ చుట్టుకుని ఉన్నాయి. కనుబొమలకు సుద్ద, మెడలో పచ్చికుండల దండ, నడుముకు ఆరని మట్టితో చేసిన పాములాంటి మొలతాడు. అది మెల్లగా మెలితిరుగుతూనే ఉంది. అతడి పక్కన నగారా. నగారా అంచు చుట్టూ వేలాడే కొక్కేల్లో ఇప్పుడు ఒకదానికే కడియం ఉంది. భుజాన బూడిదరంగు రాబందు.

మెట్ల పక్కన కొత్తగా చేసిన మట్టి బొమ్మ పడుకోబెట్టి ఉంది. దాని ముఖం బేతనది.

కుంభకేతు నగారా మీద ఒక్క దెబ్బ వేసి పిలిచాడు.

"సోమకూటం బేతన!"

ఉప్పుకనుమలో మంచు కురిసే పొద్దుల్లో ఈ పేరు ఇలాగే పిలిచేవారు. బేతన వరసలో ఉండేవాడు కాదు. బరువులెత్తకముందు కంచరగాడిదలకు ఇంత మేత పెట్టి రావాలని పాకలో ఉండిపోయేవాడు. పేరుకు పలకకపోతే పూట తిండి కోసేస్తారు. అందుకని మాచన గొంతు కాస్త బొంగురు చేసి, అన్న బదులు తనే పలికేవాడు. యుద్ధం సాగినన్నాళ్ళూ అదే అలవాటు.

"సోమకూటం బేతన!"

మాచన నోట్లో బెల్లం ఎప్పుడో కరిగిపోయింది.

"ఉన్నా!" అన్నాడు మాచన.

అన్నాకగానీ అన్నానని తెలియలేదు. సింగన తల పట్టుకున్నాడు. నగారా మీది కడియం ఊడి, గాల్లో గిరగిరా తిరిగి మట్టి బొమ్మ ముంజేతికి వెళ్ళి పట్టింది. బొమ్మ కళ్ళు తెరిచింది. లేచి నిలబడి, డాలు అందుకుంది.

కుంభకేతు పకపకా నవ్వాడు.

"శభాష్! నా మంత్రం మట్టికి రూపం ఇస్తుందేగానీ ప్రాణం పోయదు. ప్రాణం పోయాలంటే తోడుగా నిలబడ్డవాడు బతికిన గొంతుతో 'ఉన్నా' అనాలి. ఒక్కడూ తప్పలేదు. కడియం కోసం దొంగల్లా వస్తారు. పేరు వినగానే పాత అలవాటు కొద్దీ పలుకుతారు. ఆ వెంటనే మీ కడియమూ తీసి మీ పేరూ పిలుస్తాను. ఎవడి పేరుకు వాడు పలక్కుండా ఉండలేడుగదా! పలికాడంటే ఆ ప్రాణం నా మట్టిలోకే. సూరన్ని చూశావుగా? ఇలాగే జంటలన్నీ కలుపుతున్నాను. పుణ్యమే అనుకో." అతడు చెయ్యి ఎత్తాడు. "వాళ్ళ కడియాలు తెండి!"

మట్టి వరసలు ఒక్కసారిగా తిరిగాయి. బల్లేలు వంగాయి. మాచన పక్కనున్న భటుడి చేతిలోని బల్లెం లాక్కుని వెనక్కి దూకాడు. మేడ మీద నిలబడ్డ మట్టి విలుకాళ్ళు బాణాలు వదిలారు.

బాణాలు మాచనకు తగల్లేదు. ఎడమనుంచి పెద్ద డాలొకటి వచ్చి అడ్డం నిలిచింది.

డాలు పట్టింది బేతన. కళ్ళలో గుర్తుపట్టిన జాడ లేదు. తమ్ముణ్ణి చూడను కూడా చూడలేదు. యజమాని ఆజ్ఞకు కదలబోయిన మట్టి ఒళ్ళు, బల్లెం పట్టిన మనిషి కనబడగానే అతడి ఎడమపక్కకు వచ్చి నిలబడింది, అంతే. డాలు అంచు మాచన మోచేతికి ఏ ఎత్తులో ఉండాలో ఆ ఎత్తులోనే ఉంది.

"అటు కాదు మూర్ఖుడా!" అని అరిచాడు కుంభకేతు.

"వాడెప్పుడు పైవాళ్ళ మాట విన్నాడు గనక!" అని సింగన అంతకంటే గట్టిగా అరిచాడు. "మాచా, గుమ్మం వైపు!"

మాచన బల్లెం పొడిచాడు. డాలు జరిగింది. మాచన వంగాడు. డాలు లేచింది. మట్టి భటుల చేతులు విరిగి కుండపెంకుల్లా రాలుతున్నాయి, రాలినచోటే మళ్ళీ మొలుస్తున్నాయి. కుంభకేతు మొలతాడు తెంచి విసిరాడు. అది కొండచిలువై వచ్చి సింగన కాళ్ళకు చుట్టుకుంది. బేతన డాలు అంచుతో దాని మెడ నరికాడు. గోడ మీది సింహాలు నెమలి ఈకలు విదిల్చి దూకాయి. ఒకటి మాచన మీదికి లంఘిస్తే, డాలు వాలుగా మారి దాన్ని పక్కకు జార్చింది. మాచన బల్లెం దాని పొట్టలో దిగింది. లోపల ఉన్నది వట్టి ఊక.

అంత హడావుడిలోనూ మాచన ఒకటి చూశాడు. అన్న కుంటడం లేదు. కుంభకేతు పనితనంలో తొడలో ములుకు లేదు. పెళ్ళినాటి బేతనలా తిన్నగా, పెద్ద అంగలు వేస్తూ నడుస్తున్నాడు.

గుమ్మం చేరారు. రాక్షసి కాలు అడ్డంగా చాపుకుని కూర్చుని ఉంది. వాళ్ళు రాగానే కాలు ముడుచుకుంది. వాళ్ళు దాటగానే మళ్ళీ చాపింది. తరుముతున్న మట్టి వరస ఆ కాలికి తగిలి బోర్లాపడింది.

"తిమ్మిరెక్కింది నాయనా, ఏం చెయ్యను," అంది ఆమె మేడ వైపు చూసి.

మడుగు ఒడ్డున మొసలి నోరు తెరుచుకుని ఎండ కాగుతోంది. సూర్యుడు కొంచెం వాలాడు. ఇసుక మీద సింగన నీడ, మాచన నీడ బొటనవేలంత బయటికి వచ్చాయి. మాచన ఎడమపక్క ఇసుక మాత్రం తెల్లగా, ఖాళీగా ఉంది.

మాచన నీళ్ళలో అడుగు పెట్టాడు. బేతనా పెట్టాడు. నీళ్ళు ఎర్రగా మారాయి. అతడి పాదం కరిగిపోతోంది. అయినా డాలు దించలేదు. ఇంకో అడుగు వేయబోయాడు.

మాచన గబుక్కున అన్న ఛాతీ మీద చెయ్యి పెట్టి ఒడ్డుకు నెట్టాడు.

"మామా! ఇక్కడే వదిలేస్తే?"

"రేపు మధ్యాహ్నానికి ఆ మాంత్రికుడు మళ్ళీ లొంగదీసుకుంటాడు. ఈసారి ఈ డాలు మన మీదికే వస్తుంది." సింగన ఒగరుస్తూ దగ్గరికి వచ్చాడు. "పిలవమంటావా?"

"ఒక్క క్షణం."

బేతన డాలు పట్టీ భుజం మీద మెలిపడి ఉంది. మాచన దాన్ని విప్పి సరిచేశాడు. బతికున్నప్పుడు ఆ పట్టీ సరిగా వేసుకోవడం అన్నకు ఎప్పుడూ చేతకాలేదు.

"అన్నా, కంచరగాడిదలకు మేత నేను వేస్తాలే," అన్నాడు. "నువ్వు బయల్దేరు."

తర్వాత సింగన వైపు తిరిగి తల ఊపాడు.

సింగన గొంగడి సర్దుకుని, మడమలు కలిపి నిలబడ్డాడు. బుగ్గన ఉన్న బెల్లం తీసి పిడికిట్లో పట్టుకున్నాడు. ఉప్పుకనుమలో పిలిచినట్టే, మడుగు ఆ ఒడ్డుకు వినిపించేలా పిలిచాడు.

"సోమకూటం బేతన!"

మాచన గొంతులో 'ఉన్నా' అన్న మాట లేచింది. దాన్ని మింగాడు.

"సెలవు తీసుకున్నాడు."

బేతన డాలు దించాడు. యుద్ధం ముగిశాక భటులు దించినట్టు, నెమ్మదిగా, అంచు నేలకు ఆనించి. అప్పుడు మట్టి ఒక్కసారిగా కూలకుండా భుజాలనుంచి కిందికి పిండిలా జారింది. ఆ కుప్ప మీద కడియం మిగిలింది. మాచన దాన్ని తీసి మట్టి తుడిచి మడుగులోకి విసిరాడు. బుడుంగుమని చప్పుడైంది. కొన్ని చిన్న చేపలు దాని వెంట దిగాయి.

విసిరిన చెయ్యి ఇంకా వెనక్కి రాలేదు. బూడిదరంగు రాబందు బాణంలా దిగి, ఆ ముంజేతిని గోళ్ళతో చీరి, మాచన కడియాన్ని ఊడలాక్కుని మేడ వైపు ఎగిరిపోయింది.

మేడ మీద నగారా మోగింది.

"సోమకూటం మాచన!"

మాచన నోరు తెరుచుకుంది. పుట్టినప్పటినుంచీ తన పేరు. దండులో చేరిన రోజునుంచీ తన పిలుపు. ఎప్పుడైనా తను వరసలో లేకపోతే బదులు చెప్పడానికి అన్న ఉండేవాడు. "కావలికి వెళ్ళాడు!" అనేవాడు బేతన, తమ్ముడు గడ్డివాములో నిద్రపోతున్నా సరే. ఆ మాట చెప్పేవాడు ఇప్పుడే సెలవు తీసుకున్నాడు.

"ఉ..."

ఒక బెల్లం గడ్డ వచ్చి అతడి నోట్లో కూరుకుంది. దాని మీద సింగన అరచెయ్యి పడింది.

"కావలికి వెళ్ళాడు!" అని సింగన కోట అదిరేలా బదులు చెప్పాడు.

నగారా మీది రెండో దెబ్బ పడబోయి ఆగింది. ఉన్నాడనీ అనలేదు, పోయాడనీ అనలేదు. అలాంటి జవాబుకు కుంభకేతు దగ్గర మంత్రం లేదు.

"ఏ కావలికి?" అని మేడ మీదినుంచి అరిచాడు.

"నాకు చెప్పి పోలేదు దొరా! వస్తే పంపిస్తాను!"

ఇద్దరూ మొసలి మీదికి దూకారు. వెనకనుంచి బాణాలు వచ్చి నీళ్ళలో పడుతున్నాయి. మొసలి తోక విదిల్చి లోతుకు మళ్ళింది.

"మామా," అన్నాడు మాచన బెల్లం వెనకనుంచి. "ఆ మాట నీకెలా గుర్తుంది?"

"మీ అన్న నోట ఎన్నిసార్లు విన్నానో! ఒక్కరోజైనా నమ్మాననుకున్నార్రా మీరు? నువ్వు బొంగురుగొంతు పెట్టి పలకడం మాత్రం వినపడలేదనుకున్నావా? పేర్లు పిలిచేవాడికి గొంతులు తెలియవా?"

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"కంచరగాడిదలు మేత తింటున్నాయి కదా, అననెందుకు!"

కోటలో నగారా మళ్ళీ మోగింది. మాచన పేరు నీళ్ళ మీదుగా వచ్చి చెవిని తాకింది. మాచన దవడలు బిగించాడు. కడియం ఆ కొక్కేనికి ఉన్నన్నాళ్ళూ, ప్రతి మధ్యాహ్నం ఈ పిలుపు వస్తూనే ఉంటుంది. ముంగిట్లో ఎర్రన, సూరన, తక్కిన జంటలన్నీ ఎండలో నిలబడే ఉన్నాయి. వాళ్ళ పేర్లన్నీ సింగనకు నోటికి వచ్చు.

"ఏ ఒడ్డుకు?" అని అడిగింది మొసలి.

"ఒడ్డుకు కాదు. కోట చుట్టూ తిప్పి వెనక వైపుకు పోనీ," అన్నాడు మాచన. "లోపలున్నప్పుడు అక్కడ ఊక పోసే తూము ఒకటి కనిపించింది."

"అయితే ఇంకో తొడ."

"వచ్చాక ఇస్తాం," అన్నాడు సింగన.

"ఇద్దరు తిరిగొచ్చారుగా ఒకసారి. సరే, నమ్ముతాను," అని మొసలి మళ్ళింది.

మాచన బల్లెం ఒళ్ళో పెట్టుకుని, అలవాటు చొప్పున దాని వీపు మీద కుడివైపుకు జరిగి కూర్చున్నాడు. ఎడమన చోటు మిగిలింది. సింగన ఆ చోటు వంక చూసి, గొంగడి విప్పి ఎడమ చేతికి దట్టంగా చుట్టుకుని, అక్కడికి జరిగాడు. ఎదురుగా కోట వెనక గోడలోని తూము నల్లగా తెరుచుకుంటోంది.